ముందే తెలిసిన వంట

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా సీసాల్లో ఉన్న కోటానుకోట్ల ప్రాణులూ క్షేమం. అక్కడ నువ్వూ పిన్నీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ దస్తూరీ చూసి గుమ్మంలోనే నిలబడి చదివేశాను. ఎన్నాళ్ళయిందమ్మా నువ్వు స్వయంగా రాసి! ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ పొడికి వేళ్ళు పగిలి నువ్వు కలం పట్టలేకపోయేదానివి. నువ్వు చెబుతుంటే పిన్ని రాసేది. పిన్ని రాస్తే నీ తిట్లలో సగం దారిలోనే రాలిపోయేవి. ఈసారి అన్నీ భద్రంగా చేరాయి.

అడిగినవాటికి ముందు జవాబులు. వేళకే తింటున్నాను. చొక్కా గుండీ నేనే కుట్టుకున్నాను, వంకరగానే. మురుగు డబ్బా కూడా అప్పుడే క్షేమంగా చేరింది. మేం మామూలుగా మురుగు తెచ్చుకునే చోట మరమ్మతులు జరుగుతున్నాయి, ఎలాగూ నిన్ను చూడ్డానికి వచ్చాను కదా అని మన ఊరి శుద్ధి కేంద్రంలో నింపుకున్నాను. మూత బిగిస్తే లోపలి జీవాలకు ఊపిరాడదని కాస్త వదులుగా పెట్టాను. బస్సు కిక్కిరిసిపోయినా నా పక్క సీటు మాత్రం దారంతా ఖాళీ. కండక్టరు చిల్లర కూడా చెయ్యి బారచాపి దూరం నుంచే ఇచ్చాడు.

"ఆ కంపు నీళ్ళతో నీకేం పనిరా?" అని అడిగావు. మురుగులో కంటికి కనబడని సూక్ష్మజీవులుంటాయి. ఎవరైనా కొత్త రసాయనం తయారుచేస్తే, రేపు అది కాలువలో కలిసినప్పుడు ఈ జీవాలు దాన్ని తిని అరిగించుకుంటాయా, లేక అది నీళ్ళలో అలాగే ఉండిపోతుందా అని చూడటం మా పని. సీసాలో శుభ్రమైన నీళ్ళు పోసి, కాస్త మురుగు కలిపి, తిండిగా ఆ రసాయనం ఒక్కటే పెడతాం. తింటే బతుకు, లేకుంటే పస్తు. తిన్నాయంటే మనలాగే ఊపిరి వదులుతాయి. ఆ గాలిని సున్నపు తేట లాంటి నీళ్ళలోంచి పంపితే అది పాలలా తెల్లబడుతుంది. పక్కన ఇంకో సీసాలో వాటికి తెలిసిన తేలికపాటి తిండి పెడతాం, జీవాలు చురుగ్గా ఉన్నాయో లేదో తెలియడానికి. గడువు నాలుగు వారాలు. ముక్కూ మొహం తెలియని పదార్థాన్ని ముందు వాసన చూసి, వెనక్కి తగ్గి, ఆకలికి తాళలేక మెల్లగా తినడం నేర్చుకుంటాయి. అది చూస్తుంటే వాటికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుందమ్మా.

మా మేడం ఇంకా కసురుతోందా అని కూడా అడిగావు. కసురుతూనే ఉంది. చాటుగా అందరం 'అత్తగారు' అంటాం. కానీ ఆవిడ అంటే నాకు ఎంత గౌరవమో ఈమధ్యే తెలిసింది.

నేను తెచ్చిన మురుగుతో ఒక కొత్త పదార్థానికి పరీక్ష మొదలుపెట్టాం. మాకు పేరు చెప్పరు, నంబరే ఇస్తారు. ఆ రోజు నాకు జలుబు, నమూనా మూత తీసి తూకం వేసింది తోటి ఉద్యోగి. సీసా కట్టిన మొదటి రోజుల్లోనే తేట తెల్లబడింది, అదీ తెలిసిన తిండి పెట్టిన సీసా కంటే ముందు! మేమంతా చప్పట్లు కొట్టాం. మేడం మాత్రం నుదురు చిట్లించింది.

"కొత్తింటికి భోజనానికి వెళ్ళినవాడు కాస్త మొహమాటపడతాడా లేదా? వీళ్ళేంటి, తిన్నగా వంటింట్లోకే వెళ్ళి మూతలు తీస్తున్నారు?"

"పాసైంది కదండీ, ఇంకేం?" అన్నాడు తోటి ఉద్యోగి.

"చూసి రాసినా పాసవుతారు నాయనా. ఈ వంట వీళ్ళకి ముందే తెలుసు." నా వైపు తిరిగింది. "ఈ నమూనా నురగ కడుతోంది, సబ్బు జాతిదే. మీ ఊళ్ళో దేంతో ఉతుకుతారు?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వకుండా నమూనా సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. పచ్చి కీరకాయ కోసినప్పటి వాసన. నేను బయల్దేరేటప్పుడు నా బుగ్గలు నిమిరావు చూడు, అప్పుడు నీ చేతులకు ఉన్న వాసన అదే. "కొత్త సబ్బునీళ్ళు ఇస్తున్నార్రా, చేతులు ఎంత మెత్తబడ్డాయో చూడు" అని అరచేతులు చూపించి మురిసిపోయావు.

బజారులోకి రాకముందే ఆ సబ్బునీళ్ళు మీ లాండ్రీలో వాడి చూస్తున్నారన్నమాట అమ్మా. మీ లాండ్రీ నీళ్ళు వెళ్ళేది ఆ శుద్ధి కేంద్రానికే. నెలల తరబడి అది తిని అలవాటుపడ్డ జీవాలనే నేను డబ్బాలో మోసుకొచ్చాను. పరిచయం లేని జీవాలతో చేస్తేనే ఈ పరీక్షకు అర్థం. నేను ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు, నీ చేతులూ చల్లగా ఉండేవి. నా చిన్నప్పుడు సూపర్‌వైజరు "చాలమ్మా, ఇక ఆరెయ్" అంటే "నాకు చాలు, దుప్పటికి చాలదు" అని, వేళ్ళ నుంచి రక్తం కారుతున్నా ఇంకోసారి జాడించిన మనిషివి నువ్వు. చెప్పేశాను.

 చొక్కా చేతులు మడిచి అన్ని సీసాలూ మేడమే కడిగింది. ఆ వాసన ఎరగని ఊరి నుంచి మురుగు తెప్పించి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తేట తెల్లబడీ తెల్లబడనట్టే ఉండిపోయింది. గడువు ముగిసేసరికి సగం కూడా తినలేదు, అంటే పరీక్ష తప్పినట్టే.

ఇక నీకు చెప్పాల్సింది చెబుతాను, ఇంతసేపూ అందుకే నసిగాను. ఆ సబ్బునీళ్ళు మీకిక రావు. కంపెనీ వాళ్ళు ఆపేస్తున్నారు, మళ్ళీ ఆ పాత పొడే. ఆపించిన చేతుల్లో నీ కొడుకు చెయ్యి కూడా ఉంది. నువ్వు తిడతావని కాదమ్మా, ఏమీ అనవని భయం.

నా మొహం చూసి మేడం కూపీ లాగింది. నీ చేతుల సంగతి చెబితే, ఫోను తీసి ఆ కంపెనీ రసాయనవేత్తను పట్టుకుంది. సబ్బు అణువు పొడవాటి గొలుసులా ఉంటుందిలే అమ్మా. "మీ గొలుసుకి అన్ని కొమ్మలెందుకయ్యా? నా జీవాలు చివర్నుంచి కొరుక్కుంటూ వచ్చి కొమ్మ దగ్గర ఆగిపోతున్నాయి. తిన్నగా ఉన్న గొలుసు చేసి పంపు. కానీ చేతులు పగలకూడదు, చెప్తున్నా!" అని మమ్మల్ని కసిరినట్టే వాణ్ణీ కసిరింది. వాళ్ళు కొత్త నమూనా పంపారు. నిన్న సీసాలు కట్టాం. తింటాయో లేదో ఇంకా తెలీదు. తిన్నా, అది మీ దాకా రావడానికి చాలా కాలం పడుతుంది. నీకు రాయడానికి మేడం ఒప్పుకుంది, "ఆవిడకి నా నమస్కారం కూడా రాయి" అంది.

చేతి తొడుగులూ, ఒక డబ్బా లేపనమూ విడిగా పంపుతున్నాను. తొడుగులతో దుప్పటి పట్టు దొరకదని నువ్వు విసుక్కుంటావు, తెలుసు. అయినా వేసుకో.

ఈ ఉత్తరానికి జవాబు నీ చేత్తోనే రాయి. అక్షరం వంకర పోయినా పరవాలేదు, రెండు ముక్కలైనా చాలు. కలం పట్టలేకపోతే పిన్ని చేతే రాయించు. కానీ అమ్మా, పిన్ని చేత రాయించిన ఉత్తరంలో 'నా చేతులు బాగానే ఉన్నాయి' అని మాత్రం రాయించకు.

ఇట్లు,
ఆ చేతి ముద్ద తిని పెరిగిన
నీ కొడుకు