బండ్ల లెక్క

దానియేలు మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సముద్రపు ఒడ్డున రేవుగా పెరుగుతున్న ఒక పల్లెకు ముందుముందు వేయబోయే రోడ్ల పటాన్ని ఇవాళ తాలూకా కచేరీలో మా పత్రికల వాళ్లకు చూపించారు. నువ్వు అర్జీల మీద అర్జీలు పెట్టిన మన కొనకనమిట్ల రోడ్డు అందులో లేదు.

“పోయినేడు మీ దారిలో మూడు రోజులు లెక్క పెట్టించాం. ఒక్క బండీ రాలేదు,” అన్నాడు ఇంజనీరు.

బయట మన ఊరి బండి సుబ్బన్నను అడిగాను.

“లెక్క పెట్టేది పన్ను ఏసేదానికని బండ్లు దాచినాం, అన్నా.”

“ఎవురు చెప్పినారబ్బా?”

“ఇంకెవురు? మీ మామే! ఇల్లిల్లూ తిరిగి, బండ్లు బయటికి తీయొద్దన్నాడు.”

లోపలికి వెళ్లి చెబితే మళ్లీ లెక్క పెట్టించేవారేమో. రోడ్డు పోయింది నీ వల్లేనని నా నోటితో అనలేకపోయాను. ఆ దారిలో బండ్లు తిరగవనే పత్రికకు రాసి పంపాను.