అమ్మ బొమ్మకి ముప్ఫై రెండు పళ్ళు

జూన్ 1, ఆదివారం. ఉదయం 6:10

చరిత్రలో నిలిచిపోయే రోజు! (నా చరిత్రలో. మిగతావాళ్ళది నాకెందుకు.)

ఫోన్‌లోంచి సోషల్ మీడియా మొత్తం పీకి పారేశాను. నాలుగు యాప్‌లు. పోయే ముందు ప్రతిదీ "నిజంగానే వెళ్ళిపోతున్నారా?" అని అడిగింది. ఈ ఇంట్లో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ అడగరు.

కారణం: నిన్న ఫోన్ తనంతట తానే ఒక లెక్క చూపించింది. రోజుకి సగటున ఐదు గంటల నలభై నిమిషాలు నేను దాంట్లోనే ఉన్నానట. ల్యాబ్‌లో ఎనిమిది గంటలు, నిద్ర ఏడు. మిగిలిన మూడు గంటల ఇరవై నిమిషాల్లో నేను భర్తని, తండ్రిని, కొడుకుని. స్నానం కూడా అందులోనే.

ఇక నుంచి నేను చిత్రకారుణ్ణి. టెన్త్‌లో ఉండగా అమ్మ బొమ్మ పెన్సిల్‌తో వేశాను. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఇల్లు మారినప్పుడు అది తడిసి పాడైపోయింది. అప్పట్నుంచీ అమ్మ "మళ్ళీ ఒకటి వెయ్యరా" అంటూనే ఉంది. ఫొటో తీస్తానంటే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. బోసినోరు ఫొటోలో పడకూడదట.

ఈ నెల 21న అమ్మకి డెబ్భై అయిదు నిండుతాయి. ఆ రోజుకి బొమ్మ చేతిలో పెడతానని అందరి ముందూ మాటిచ్చేశాను. రోజుకో బొమ్మ వేస్తే చెయ్యి దానంతటదే దారిలో పడుతుంది.

ఉదయం 11:30

కొన్నవి: పెన్సిళ్ళు 12, రబ్బర్లు 3, దళసరి కాగితాల పుస్తకం 1, చిత్రకారులు పెట్టుకునే టోపీ 1. టోపీ ఎందుకని మా ఆవిడ అడిగింది. కళ అందరికీ అర్థం కాదు.

సాయంత్రం 5:00

రాసి పెట్టుకోవలసిన విషయం. నేను చేసేది కట్టుడు పళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా మైనంలో పళ్ళు పేర్చి బోసినోళ్ళకి నవ్వులు సరఫరా చేస్తున్నాను. ఒక్క నోరు మాత్రం లొంగలేదు. మా అమ్మది! రెండేళ్ళ కిందట స్వయంగా సెట్టు చేసిచ్చాను. నోట్లో మైనం పెట్టి దవడ కొలత తీయాల్సింది డాక్టరే. అయినా సొంత తల్లికి నేను తీసుకోలేనా అని ఇంట్లోనే రెండు నిమిషాల్లో తీసేశాను. అంత గొప్ప సెట్టుని డబ్బాలో పెట్టి అల్మరాలో దాచింది. అడిగితే "అలవాటు కాలేదురా" అంటుంది. ఒట్టి మొండి మనిషి. బిస్కెట్టు టీలో ముంచుకుని చప్పరిస్తుంది గానీ నా పళ్ళు పెట్టుకోదు.

జూన్ 2. సాయంత్రం 6:30

మొదటి బొమ్మ పూర్తి! తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి చూపించాను. ప్రతిదానికీ తీర్పు చెబుతుంది కాబట్టి ఇంట్లో దాని పేరు జడ్జి.

జడ్జి చాలాసేపు చూసింది.

"ఎవరిది?"

"నాన్నమ్మది!"

"నాన్నమ్మకి ఇన్ని పళ్ళెక్కడివి?"

చూసుకున్నాను. నిజమే. చెయ్యి దాని అలవాటు ప్రకారం పై వరస, కింది వరస చక్కగా పేర్చేసింది. వెనక దంతాలతో సహా.

జూన్ 5. సాయంత్రం 7:00

నాలుగు బొమ్మలు అయ్యాయి. నాలుగింటిలోనూ అమ్మ పళ్ళన్నీ బయటపెట్టి ఇకిలిస్తోంది. నోరు మూయించి వేద్దామన్నా పెదాల మధ్యలోంచి రెండు తొంగిచూశాయి.

పక్క గదిలోంచి అమ్మ వచ్చి, "నన్ను ఎదురుగా కూర్చోమంటావా?" అని అడిగింది.

"వద్దమ్మా. కళాకారుడికి జ్ఞాపకం చాలు."

అమ్మ పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

జూన్ 8, ఆదివారం. సాయంత్రం 4:00

సోషల్ మీడియా లేకుండా ఎనిమిది రోజులు! అస్సలు గుర్తుకు రావడం లేదు. పొద్దుట్నుంచి పదకొండు సార్లు గుర్తుకు రాలేదు.

కొత్త ఏర్పాటు: బొమ్మల్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పక్కన దారం కట్టిన పెన్సిల్. నచ్చినవాళ్ళు కింద టిక్కు పెట్టాలి. ఇది లైకుల్లాంటిది కాదు. ఇది ప్రోత్సాహం.

మధ్యాహ్నానికి వచ్చిన టిక్కులు:
మా ఆవిడ: 1 (అడిగాక).
జడ్జి: తీర్పు వాయిదా.
అమ్మ: 6. (మనిషికి ఒక్కటేనని చెప్పాను. "నాకు ఆరు నచ్చాయిరా" అంది. ఉన్నవి అయిదు.)
నేను: 1. ఎవరూ చూడలేదు.

కొత్త టిక్కులొచ్చాయేమోనని వంటింట్లోకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కపెట్టలేదు. మా ఆవిడ పెట్టింది. పద్నాలుగు.

"వెళ్తే వెళ్ళారు, ఆ తలుపు తెరవడం ఎందుకండీ?"

ఊరికే చూసి వచ్చేస్తే బాగుండదని తెరిచాను.

జూన్ 9. మధ్యాహ్నం 1:15

ల్యాబ్‌లో భోజనాల వేళ మా సీనియర్‌కి బొమ్మలు చూపించాను. చెంచాతో ప్లాస్టర్ కలుపుతూనే నా గాలి తీసేశాడు.

"పళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. పెదాలే లేవు. నీ తప్పు కాదులే. మన దగ్గరికి వచ్చేవి ప్లాస్టర్ దవడలు. వాటికి మొహాలెక్కడివి? పద్దెనిమిదేళ్ళుగా నువ్వు నోళ్ళే చూశావు, మనుషుల్ని చూడలేదు."

కుళ్ళు! టోపీ మీద కన్నేశాడు.

ఈ రోజు బొమ్మ వెయ్యలేదు. బొటనవేలు లాగుతోంది.

జూన్ 11. ఉదయం 7:20

నిన్న కూడా వెయ్యలేదు. వెలుతురు చాలలేదు. (ట్యూబులైటు బాగానే వెలిగింది. కళకి కావలసిన వెలుతురు వేరు.)

ఆలోచించగా తేలింది: నాకు రానివి పెదాలు. పెదాలు నేర్పే వీడియోలు ఎక్కడుంటాయి? సోషల్ మీడియాలో. విద్య కోసం ఎక్కడికైనా వెళ్ళాలి. ఒక్క యాప్. ఒక్క వీడియో. పది నిమిషాలు.

ఉదయం 9:50

ఒకాయన పెదాలు వేస్తుంటే చూశాను. తర్వాత చెవులు. తర్వాత ఆయన కుక్కని. ఆయన ఎంత బాగా వేశాడంటే, నేనే వేసినంత తృప్తిగా ఉంది. ల్యాబ్‌కి ఆలస్యం. ఈ గడబిడలో పెన్సిల్ మాత్రం చెక్కాను.

జూన్ 14. ఉదయం 10:00

మిగతా మూడు యాప్‌లు కూడా వేశాను. ఒక్కటే ఉంటే బిక్కుబిక్కుమంటోంది పాపం.

పొద్దున టోపీ కనబడలేదు. దాన్ని తలకిందులుగా పెట్టి జడ్జి ఉల్లిపాయలు పోసిందని వెతికాక తెలిసింది.

జూన్ 16. సాయంత్రం 6:00

సాంకేతిక విజయం! ఫొటోని పెన్సిల్ బొమ్మగా మార్చే యాప్ ఒకటి ఉందట. అమ్మ గుర్తింపు కార్డు మీద ఫొటో ఉంది. అది తీసేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి ఆ ఆఫీసువాళ్ళు ఒప్పుకోలేదు. దాన్ని యాప్‌లో వేశాను. తొమ్మిది సెకన్లు! ముడతలు, కళ్ళజోడు, అన్నీ వచ్చేశాయి.

వెంటనే సోషల్ మీడియాలో పెట్టేశాను: "అమ్మ. పెన్సిల్. నా చేతులతో." అబద్ధమేమీ కాదు. బటన్ నొక్కింది నా వేలే కదా.

సాయంత్రం 6:40

214 లైకులు! ఒకావిడ ఏడ్చేశానని రాసింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

జూన్ 18. సాయంత్రం 5:30

జడ్జి ఫోన్ లాక్కుని చూసింది.

"ఇది నువ్వు వెయ్యలేదు."

"ఎందుకు వెయ్యలేదూ?"

"పళ్ళు లేవు కదా."

పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

జూన్ 20. సాయంత్రం 6:15

ఇరవై రోజుల్లో నా చేత్తో వేసినవి అయిదు. గడువు రేపే. మాటిచ్చాను కాబట్టి యాప్ బొమ్మనే పెద్దగా ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను. అమ్మకి తేడా ఏం తెలుస్తుంది? చూపు ఎలాగూ అంతంత మాత్రం.

ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. తర్వాత లైకులు చూసుకున్నాను. 341. కొంచెం తగ్గింది.

జూన్ 21. ఉదయం 8:00

అమ్మ ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు సర్దుకుంది.

"బాగుంది. ఎవరు వేశారు?"

జడ్జి నా వైపే చూస్తోంది.

"ఫోన్ వేసిందమ్మా."

"ఆహా. బాగా వేసింది. నా తరఫున దానికి చెప్పు." ఫ్రేముని జాగ్రత్తగా గోడకి తిప్పి ఆనించింది. "మరి నువ్వెప్పుడు వేస్తావు? నేను ఎక్కడికో వెళ్ళి కూర్చోలేదు కదరా. పక్క గదిలోనే ఉన్నాను ఇరవై రోజులూ."

మా ఆవిడ పుస్తకం, పెన్సిల్ తెచ్చి నా ముందు పెట్టింది. ఫోన్ తీసుకెళ్ళి ఉల్లిపాయల టోపీలో పడేసింది.

ఉదయం 9:30

వేశాను. ఎదురుగా కూర్చోబెట్టి, చూస్తూ. చెవి అప్పడంలా... కాదు, అప్పడానికి కూడా ఒక ఆకారం ఉంటుంది. ముక్కు కొంచెం నయం. నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, ఒకసారి నోరు తెరిచి మూయి."

మూసింది. గడ్డం కుడివైపుకి జరిగింది.

"మళ్ళీ."

మళ్ళీ కుడివైపుకే. ఏ ల్యాబువాడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. దవడ ఇలా పక్కకి జరిగినప్పుడు తీసిన కొలత వంకర కొలతే. ఆ కొలతతో చేసిన పళ్ళు పెట్టుకుంటే కింది సెట్టు ప్రతి ముద్దకీ లేస్తుంది, ఎడమ చిగుళ్ళని కోస్తుంది. రెండేళ్ళుగా నేను మొండితనం అంటున్నది ఇదీ.

"అమ్మా, ఆ సెట్టు నొప్పి పెడుతుందా?"

"పోనీలేరా. కష్టపడి చేశావు."

"నొప్పి అని నాకు చెప్పచ్చు కదా?"

"చెబుదామనే అనుకున్నాను, కొలత తీసిన రోజే. మూసుకోమన్నావు, దవడ పక్కకి పోయింది. నాకు తెలుస్తూనే ఉంది. నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు. నా నోట్లో మైనం ఉంది. ఏమని చెప్పను?"

నేను కాసేపు పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాను. అది చెక్కే ఉంది. చాలా సిగ్గేసింది.

ఉదయం 10:15

బొమ్మ పూర్తి చేశాను. గడ్డం కుడివైపుకి, పెదవి ఎడమ పక్క లోపలికి, పళ్ళు లేవు. జడ్జి ఫ్రిజ్ దగ్గర చాలాసేపు నిలబడింది. వాయిదా వేసిన తీర్పు ఈ రోజు చెప్పింది.

"ఇది నాన్నమ్మే." ఒక టిక్కు పెట్టింది.

జూన్ 22, ఆదివారం. ఉదయం 6:10

చరిత్రలో నిలిచిపోయే రోజు! (మళ్ళీ.)

ఒకటో రోజు. నాలుగు యాప్‌లూ పీకేశాను. "నిజంగానే వెళ్ళిపోతున్నారా?" అని మళ్ళీ అడిగాయి. నన్ను ఏ మాత్రం నమ్మడం లేదు. తెలివైనవి. పోయే ముందు ఆ 341 మందికీ బొమ్మ నాది కాదని రాశాను. ఏడ్చినావిడ ఈసారి కోపంతో ఏడ్చేశానంది.

కొత్త తీర్మానం: రోజుకో బొమ్మ, అమ్మని చూస్తూ. ఎన్ని రోజులో రాయను. నా సంగతి నాకు తెలుసు.

ఉదయం 11:00

సెలవు రోజే అయినా ల్యాబ్‌కి వెళ్ళి, అమ్మ నోటి పాత ప్లాస్టర్ అచ్చుల మీద, దవడ ఎక్కడ మూసుకుంటుందో కొలవడానికి కొత్తగా మైనం దిమ్మలు కట్టుకొచ్చాను. డాక్టరు దగ్గరికి పోదాం, ఆయన కొలత తీస్తాడు అంటే అమ్మ ఒప్పుకోలేదు. "పాడుచేసింది నువ్వే, నువ్వే తియ్యి" అంది.

దిమ్మలు నోట్లో పెట్టి కుర్చీ దగ్గరగా లాక్కున్నాను. మూయమన్నాను. కుడికి పోయింది. మళ్ళీ. కుడికే. ఆరుసార్లు. ఏడోసారి తిన్నగా మూసింది. మైనం మీద గుర్తు గీస్తుంటే అమ్మ ఏదో చెప్పాలన్నట్టు చెయ్యి ఊపింది. వెంటనే మైనం బయటికి తీశాను.

"ఏంటమ్మా? దవడ మళ్ళీ పక్కకి జరిగిందా?"

"లేదు. బాగానే ఉంది. చూస్తున్నావో లేదో అని ఊపాను."

మైనం మళ్ళీ పెట్టాను. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాం.