తలుపు కింద సందు

ఫిబ్రవరి 3, మంగళవారం

బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది గానీ లాగడం లేదు. ఇంట్లో వేడినీళ్ళ స్నానం అత్తయ్య ఒక్కరిదే, అదయ్యాక ఆవిరి అలాగే నిలిచిపోతోంది. సీలింగ్ మీద నల్లమచ్చలు. మధ్యాహ్నం స్టూలెక్కి జాలీ విప్పాను. రెక్కల మీద దుమ్మూ జిడ్డూ కలిసి అట్టకట్టి ఉన్నాయి. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాను.

గుమ్మంలోంచి చూస్తున్న అత్తయ్య, ఇది కూడా మీ మామగారి బాపతే, హడావిడే తప్ప పని జరగదు అన్నారు. మామగారు పోయి ఏళ్ళయినా ఆయనకీ ఎత్తిపొడుపులు తప్పడం లేదు.

తలుపేసి, టిష్యూ పేపర్ జాలీకి ఆనించి చూశాను. అతుక్కున్నట్టే అతుక్కుని జారిపోయింది.

ఫిబ్రవరి 5, గురువారం

అత్తయ్య స్నానం చేసి గోడ పట్టుకుని బయటికొచ్చారు. తలనొప్పి. టీ తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, ఇవాళ టీ లేదా అని అడిగారు. నెల్లాళ్ళుగా ఇదే వరస.

సాయంత్రం మా వారు మరిదితో ఫోన్లో మాట్లాడారు. మతిమరుపు వాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి ఉందట. పదమూడున గది ఖాళీ అవుతుందట. గేటుకి ఎప్పుడూ తాళమేనట. అమ్మని అక్కడ చేర్చేద్దాం, ఏమంటావని నన్ను అడిగారు. మీ ఇష్టం అన్నాను.

ఫిబ్రవరి 6

రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఉన్నమాట రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 7, శనివారం

ఎలక్ట్రీషియన్ వచ్చి కెపాసిటర్ మార్చాడు. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. ఇంతకంటే గాలి కావాలంటే విమానం ఇంజన్ పెట్టించుకోండమ్మా అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

తలుపేసి చూస్తే ఆవిరి ఎక్కడిదక్కడే. మళ్ళీ టిష్యూ పట్టుకున్నాను. మళ్ళీ జారింది. టవల్ కోసం తలుపు తీశానో లేదో, కాగితం చేతిలోంచి ఎగిరి జాలీకి కరుచుకుపోయింది.

లోపలికి గాలి వచ్చే దారే లేకపోతే ఫ్యాన్ దేన్ని లాగుతుంది? నెల కిందట, కాళ్ళకి చలిగాలి కొడుతోందని అత్తయ్య గొణుగుతుంటే, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, కిటికీ చుట్టూ టేపు వేసింది నేనే. ఏ పనీ సగం చేసే అలవాటు లేదు కదా. రేపు పీకాలి.

ఫిబ్రవరి 8, ఆదివారం, ఉదయం 11

అత్తయ్య స్నానం అయ్యాక, అదే బాత్రూమ్‌లో తలుపేసుకుని, లోపలే గోడకున్న గ్యాస్ గీజర్ వేడినీళ్ళతో దుప్పట్లు ఉతికాను. కాసేపటికి తల దిమ్మెక్కిపోయింది. కణతలు పగిలిపోతున్నాయి. బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ఎందుకొచ్చానో గుర్తు లేదు. చేతిలో సబ్బు ఉంది.

ఊపిరి తిరిగాక వెళ్ళి చూశాను. గీజర్‌లో మంట నీలంగా లేదు, పసుప్పచ్చగా ఉంది. గ్యాస్ సరిగా మండక అది వదిలే విషవాయువు మూసేసిన గదిలోంచి ఎటూ పోవడం లేదు. అత్తయ్య రోజూ పీలుస్తున్నది అదే.

ఆవిడకి మతి పోవడం లేదు.

గీజర్ కట్టేశాను. పట్టీ, టేపు పీకి పారేశాను. గీజర్ పాడైంది, ఇక నీళ్ళు స్టవ్ మీదే కాస్తానని ఇంట్లో చెప్పాను. అంతవరకే చెప్పాను.

ఫిబ్రవరి 10

అత్తయ్యకి తలనొప్పి లేదు. పేకాటలో నన్ను చిత్తుగా ఓడించారు. మా వారు ఆఫీసులో ఉన్నారు. చూసింది నేనొక్కదాన్నే.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈవిడ వంక పెట్టకుండా నేను చేసిన పని ఒక్కటి లేదు. దుప్పటి మడతకి కూడా వంకే. పదమూడు దాటితే ఈ ఇల్లు నాది.

ఫిబ్రవరి 12, గురువారం

అత్తయ్య పెట్టె సర్దుకుంటున్నారు. చీరలు అందించమంటే అందిస్తున్నాను. నేను మడిచినవి విప్పి మళ్ళీ తనే మడుచుకున్నారు. ఉన్నట్టుండి, నా వైపు చూడకుండానే అన్నారు.

"పోయిన నెల నీ పేరే మర్చిపోయానే. నా మీద నాకే నమ్మకం పోయింది. ఇంకెక్కడుంటే ఏంలే."

చెప్పేశాను. పట్టీ, మంట, వరండాలో సబ్బు పట్టుకుని నిలబడటం, అన్నీ. ఆవిడ అడిగింది ఒక్కటే.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టుకున్నారు. సాయం చెయ్యబోతే నా చెయ్యి తోసేశారు.

మా వారు రాగానే ఆయనకీ చెప్పాను. మరిదికి ఫోన్ చేసి గది వద్దన్నారు. అమ్మని రేపు డాక్టర్‌కి చూపిస్తానన్నారు. రాత్రి అన్నం తనే వడ్డించుకుని తిన్నారు.

ఫిబ్రవరి 13

నీళ్ళు కాచి పెట్టాను. అత్తయ్య బాత్రూమ్ తలుపు బార్లా తీసి, నన్ను బయట పీటేసుకుని కూర్చోమన్నారు. కూర్చున్నాను.

"ఉన్నావా?"

"ఉన్నానత్తయ్యా."

ఒక చెంబు పోసుకుని, మళ్ళీ అడిగారు.