లోపలికి జరిగిన చక్రం

బావగారికి,

అక్కకు కారు నడపడం రాదని అందరికీ చెప్పడం ఆపండి. కొత్త రిమ్ములు తెచ్చిన రోజే కొలిచి చెప్పాను, బోల్టులు బిగించే చోటు నుంచి లోపలి అంచుకు దూరం పాతవాటికంటే ఎక్కువ, చక్రం మరీ లోపలికి జరుగుతుందని. "బోల్టులు పట్టాయిగా, నీకెందుకమ్మా" అని నవ్వారు. మలుపుల్లో టైరు రాసుకుని రాసుకుని బ్రేకు గొట్టం తెగింది, కారు గోడకు గుద్దుకుంది. తెగిన గొట్టం మీరూ చూశారు. అయినా ఆసుపత్రిలో, చెయ్యి విరిగి పడుకున్న మనిషితో "నీకు స్టీరింగ్ ఇవ్వడం నాదే బుద్ధితక్కువ" అన్నారు. పిచ్చిది, మీకే క్షమాపణ చెప్పింది.

రేపు తనను తీసుకెళ్లడానికి వస్తారట. గొట్టం ఎందుకు తెగిందో మా అందరి ముందు చెప్పేదాకా గడప తొక్కనివ్వను.

ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. ఒక్క మాట కూడా కొట్టెయ్యమనలేదు.

మీ మరదలు