మూడువందల ఇరవై రోజుల లోటు

రేపల్లె,
ఆదివారం.

ప్రియమైన మీకు,

హెప్సిబా వందనాలు. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. విన్నిపెగ్‌లో చలి ముదిరిందని రాశారు గానీ మీ మోకాలి నొప్పి సంగతి రాయలేదు. మీరు పంపిన ఫారాలు, వాటి మధ్య పెట్టిన ఉత్తరం గురువారం అందాయి. రోజూ వీడియోలో మాట్లాడుకునేవాళ్ళకు ఉత్తరం ఎందుకా అనుకున్నాను. ఫోనులో అడిగిన ప్రతిసారీ నేను మాట మారుస్తున్నానని, కాగితం మీద అడిగితే తప్పించుకోలేనని రాశారు. నిజమే.

పాస్‌పోర్టు రెన్యువల్ అయింది. పాతదానిలో ముద్రలు చూసి రోజులు లెక్కేశాను. మనం కెనడాలో దిగినప్పటినుంచి ఈ ఐదేళ్లలో నేను అక్కడ ఉన్నది నాలుగువందల పది రోజులే. పర్మనెంట్ రెసిడెన్సీ కార్డు నిలవాలంటే ఏడువందల ముప్పై కావాలి. మీరు అన్నట్టు ఇప్పుడు పరుగెత్తుకొచ్చినా ఆ లోటు పూడదు. ఇన్నాళ్ళు ఇక్కడ ఎందుకు ఉండిపోయానో బలమైన కారణం చూపించి, దయ చూడమని అడగాలి. అమ్మ మంచం దిగగలుగుతోందా అన్నది మీ మూడో ప్రశ్న. దానికి కాస్త ఆగి జవాబు చెప్తాను.

తెనాలి డయాలసిస్ సెంటరులో నా పని మామూలే. పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు, సాయంత్రం మళ్ళీ అదే. నూర్ బీ గారని వారానికి మూడుసార్లు వస్తారు. నేనైతేనే సూదికి చెయ్యి చాపుతారు. "వెళ్ళిపోతన్నావంట గదా సిస్టరమ్మా?" అని మొన్న అడిగారు. "ఇంకా తెలీదండి" అన్నాను. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

శుక్రవారం సెలవు పెట్టి బాపట్ల వెళ్ళాను. అక్కడ వీసా కాగితాల పని చూసే మీ బాబాయిగారి అబ్బాయి సుధీర్, కార్డు ఫారం నింపి ఉంచానని, నేను సంతకం పెడితే చాలని ఫోను చేశాడు. "బాపట్లే గదా, నేనూ వస్తా" అని అమ్మ బయలుదేరింది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. సుధీర్ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. అమ్మ కమ్మీ పట్టుకుని తనే మెట్లెక్కింది.

సుధీర్ గబుక్కున లేచాడు. "అత్తయ్యగారు మంచంలో ఉన్నారని అన్నయ్య చెప్పాడే!"

అమ్మ బల్ల మీద కాగితం అందుకుంది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి కదా, ఇంగ్లీషైనా కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివింది. అమ్మ పక్షవాతంతో నాలుగేళ్ళుగా మంచానికే పరిమితమైందనీ, కూతురు తప్ప చూసేవాళ్ళు లేరనీ ఉంది.

"ఏంటే ఇది? మంచంలో ఉన్నది ఎవరే?"

నేను కాగితం తిరిగి తీసుకోబోయాను.

"వదినా, డాక్టరు సర్టిఫికెట్టు నేను చూసుకుంటాలెండి" అన్నాడు సుధీర్.

"నువ్వాగు బాబూ. హెప్సీ, నేను లేచి తిరగబట్టి ఏడాదిన్నర దాటింది. అల్లుడుగారే ఇంకొన్నాళ్ళు ఉండమన్నారని నాతో చెప్పావు. ఆయనకేమో నేను మంచంలో ఉన్నానని చెప్పావా? నా మూలాన నీ కాపురం చెడిపోతందని ప్రార్థనలో ఎంత ఏడ్చానే!"

ఇదీ మీ మూడో ప్రశ్నకు జవాబు. మొదటి రెండేళ్ళూ నేను చెప్పినదంతా నిజం. ఆ తర్వాతది అబద్ధం. ఒకసారి మీరు అమ్మను చూపించమంటే, మధ్యాహ్నం కునుకు తీస్తున్న అమ్మ మీదికి కెమెరా తిప్పాను. మీరు అటు కళ్ళు తుడుచుకున్నారు.

మీరు నన్ను ఏ లోటూ లేకుండా చూసుకున్నారు. కానీ అక్కడి నర్సింగు పరీక్ష రెండుసార్లు తప్పాక, వృద్ధాశ్రమంలో దుప్పట్లు మడత పెడుతూ నేను నర్సునన్న సంగతే మర్చిపోసాగాను. ఇక్కడ పన్నెండు బెడ్ల మధ్య తిరుగుతుంటే నా చేతులు నాకు తిరిగొచ్చినట్టయింది. ఆ మాట మీతో చెప్తే ఉండిపొమ్మంటారని భయం, వచ్చెయ్యమంటారని కూడా భయం. అందుకే అమ్మ జబ్బును అడ్డం పెట్టుకున్నాను.

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. నిన్న ఇంకో ఫారం నేనే నింపాను. అమ్మకు ఎప్పుడు నయమైందో, ఆ తర్వాత నా ఇష్టంతోనే ఉండిపోయానని కూడా అంతా రాసి పంపేశాను. "ఇలా రాస్తే కార్డు పోయినట్టే వదినా" అన్నాడు సుధీర్ ఫోనులో. మిమ్మల్ని అడక్కుండా చేశాను. అది ఇంకో తప్పు.

కార్డు పోతే మళ్ళీ భార్యగా పిలిపించుకునే దారి ఉందట. అది మీ చేతిలో ఉంది. వస్తే పరీక్షకు మూడోసారి కూర్చోవడానికే వస్తాను. ఈలోగా ఒక నెల మీరే ఇక్కడికొచ్చి, నేను పని చేస్తుంటే చూడగలరా? అడిగే ముఖం లేకపోయినా అడుగుతున్నాను. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను. కార్డు రావాలనుకుంటున్నానో, పోవాలనుకుంటున్నానో నాకే తెలియడం లేదు. మీరు దూరం కాకూడదని మాత్రం తెలుసు.

కార్డు సంగతి ఆ ఆఫీసువాళ్ళు రాస్తారు. మన సంగతి మీరు రాయండి. కోపమొస్తే కోపమే రాయండి. ఫోను మాత్రం చేయకండి. మీ గొంతు వింటే మళ్ళీ అబద్ధమాడతానేమో.

ఇట్లు,
మీ జవాబు కోసం గుమ్మం వైపే చూస్తున్న
మీ భార్య
హెప్సిబా