పొట్లకాయకు కట్టిన రాయి

జమ్మలమడుగు, జూన్ 14

ప్రొద్దుటూరు విత్తనాలంగడి వారికి వందనాలతో పాలయ్య రాసేది.

నిన్న మీ అంగడి ముందర మూడుసార్లు అటూ ఇటూ తిరిగినా. గల్లా దగ్గర ఆడమనిషి కూర్చోనుంటే లోపలికి రాలేకపోతి. ఫోనులో అయితే అసలు నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

నలభై ఏండ్లు నాపరాయి గనిలో పని చేసినా. ఇప్పుడు ఇంట్లోనే ఉండా. ఇంటి ఎనక మూడు సెంట్లు ఖాళీ. కూరగాయల తోట వేయాలని ఉంది. తినేది ఇద్దరం. ఏమి వేయాల, ఏది యాడ పెట్టాల, రాసి విత్తనాలు పంపితే దుడ్లు పంపిస్తా.

ఇట్లు, పాలయ్య

తా.క. "రాయి కొట్టిన చేత్తో మొక్క లేస్తుందా" అని నా భార్య ప్రేమమ్మ బావమర్దుల ముందర అనింది. నేనేమీ అనలేదు. ఆమె ఇంగా అంటానే ఉంది.


ప్రొద్దుటూరు, జూన్ 18

పాలయ్య మామకు సలాం చెప్పి సాజియా రాసుకునేది.

గల్లా దగ్గర ఆడమనిషిని నేనే. లోపలికి వచ్చుంటే టీ అన్నా ఇచ్చేదాన్ని. మా ఇంటాయన నాసిర్ కువైట్‌కు పోతా అంగడి నా చేతిలో పెట్టినాడు. నేను గాజులంగడి ఇంట్లో పుట్టినదాన్ని. మొక్కల సంగతి కంపెనీ పుస్తకంలో చూసి చెప్తాండా.

పడమటి గోడకు పందిరి వేసి పొట్ల, బీర, కాకర పాకించండి. మిగతా మళ్ళకు పొద్దుటి ఎండ అడ్డం లేకుండా పడుతుంది. ముందర టమాట, వంగ, మటిక్కాయలు, అదే గోరుచిక్కుడు. ఆకుకూర అంతా ఒకేసారి చల్లొద్దు. పది రోజులకొక మడి చల్లితే ఇద్దరికీ రోజూ ఇంత వస్తుంది. అన్నీ బస్సు పార్సిల్లో వేస్తాండా.

మీ సాజియా

తా.క. ఒక్క కంప్లైంటు వచ్చినా అంగడిని సెల్లుల షాపుకు బాడుగకు ఇచ్చేస్తానని నాసిర్ చెప్పి పోయినాడు. తప్పుంటే నాకే రాయండి మామా.


జమ్మలమడుగు, ఆగస్టు 25

సాజియాకు పాలయ్య వందనాలు.

అట్టపెట్టెలో పొట్లకాయ ఉంది. నీ విత్తనమే. చూడు. రాయి విప్పలేదు, అట్లే పంపిస్తాండా.

వీధిలో వాళ్ళంతా వచ్చి చూసిపోయినారు. ప్రేమమ్మ ఏమీ అనలేదు. ముప్పై ఎనిమిదేండ్లలో ఇట్లా ఎప్పుడూ జరగలేదు.

పాలయ్య

తా.క. నీ సంగతి అందరికీ చెప్తాండా.


ప్రొద్దుటూరు, ఆగస్టు 27

మామకు భయపడతా సాజియా పెట్టే సలాం.

పెట్టె విప్పితే పొట్లకాయ, దానికి వేలాడతా రాయి. మా బజారులో కోపం వస్తే నోటితో తిడతారు మామా, రాయి కట్టి పంపరు. మీరు నోరు లేని మనిషి, రాయితో చెప్పినారు. అర్థమయింది.

కాయలో తప్పు నేనూ చూసినా. పుస్తకంలో బొమ్మ వంకరగా ఉంది, మీది కర్ర మాదిరి నిటారుగా ఉంది. విత్తనం కల్తీ అయ్యుంటుంది. బదులుగా సొర, గుమ్మడి, బెండ, చిక్కుడు రెండేసి పాకెట్లు, మిద్దె మీద పెట్టుకోను సంచులు, ఎరువు పంపిస్తాండా. దుడ్లు వద్దు.

సాజియా

తా.క. అందరికీ చెప్పొద్దు మామా.


జమ్మలమడుగు, సెప్టెంబరు 20

సాజియాకు పాలయ్య శానా శానా వందనాలు.

పంపినవి చూసి సిగ్గయింది. నేను చేసిందేందని ఇన్ని. వద్దనడానికి నోరు రాలేదు. అన్నీ పెట్టినా. స్థలం చాలక మిద్దె మీద, మెట్ల మీద, బాత్రూం మీద కూడా. గుమ్మడి తీగ పక్కింట్లోకి పోయింది. వాళ్ళు నీ పేరు అడిగితే చెప్పినా.

ఇంగో ఐదు పొట్లకాయలు పంపిస్తాండా. నాసిర్‌కు కూడా రాయాల. అడ్రసు పంపు.

పాలయ్య

తా.క. పోయినసారి రాయి చిన్నదయింది. ఈసారి పెద్దవి కట్టినా.


ప్రొద్దుటూరు, సెప్టెంబరు 22

మామకు సలాం.

ఐదు రాళ్ళూ ముట్టినాయి. పెట్టె మోసిన హమాలీ ఇస్మాయిల్ "ఏమక్కా, ఇల్లు కడతాండావా" అన్నాడు.

నాసిర్‌కు రాయొద్దు మామా. ఈ తలుపులు నేను తెరుస్తాండా, నేనే మూస్తాండా. నా బతుకులో నాదని చెప్పుకునేది ఇదొక్కటే. ఆదివారం నేనే వస్తా. ఎదురుగా తిట్టండి, పడతా.

సాజియా

తా.క. రాళ్ళు కింద పెట్టి మాట్లాడండి.


జమ్మలమడుగు, సెప్టెంబరు 28

అమ్మా సాజియా, పాలయ్య వందనాలు.

నువ్వొచ్చినప్పుడు నేను ఊర్లో లేనని ప్రేమమ్మ నీకు చెప్పింది అబద్ధం. కాకర పందిట్లో ఉంటి. "ఒక్కటన్నా సరిగా కాసిందా అత్తా" అని నువ్వు ఏడిస్తే ఆమె చేయి పట్టుకోని తోటంతా తిప్పింది. ఆకుల సందులోనుంచి చూస్తా ఉంటి. బయటికి రావాలనుకున్నా, ఇంగో తీగ ఎనక్కు జరిగితి. ఇప్పుడు చెప్తా.

పొట్ల పిందెకు రాయి కట్టకపోతే చుట్ట చుట్టుకుంటుంది. కడితే బరువుకు నిటారుగా దిగుతుంది. తోటపనిలో నాకు ముందే వచ్చిన పని అదొక్కటే. మంచి నాపరాయి, నీకూ పనికొస్తుందని విప్పలేదు. మా ఇంట్లో తొలి కాయ చర్చిలో పెడతాం. రెండోది విత్తనం ఇచ్చిన చేతికి. అదే నీకు పంపింది. నీ అంత చక్కగా మళ్ళు గీసి చెప్పిన మనిషిని నేను చూడలేదు.

తోట చూసినాక నువ్వు ప్రేమమ్మకు ఇచ్చిన నాసిర్ అడ్రసుకు నీ గురించి మంచిగా నాలుగు పేజీలు రాసినాం. ఆమె చెప్పింది, నేను రాసినా. నేనైతే రెండు మాటలే రాసుంటి.

పాలయ్య

తా.క. ప్రేమమ్మ ఇప్పుడు "మా ఆయన తోట" అంటాంది. నేనేమీ అనలేదు.


ప్రొద్దుటూరు, నవంబరు 2

మామకూ అత్తకూ సాజియా సలాం.

నాసిర్ ఫోన్ చేసినాడు. నాలుగు పేజీలూ రూములోని వాళ్ళందరికీ చదివి వినిపించినాడంట. సెల్లుల షాపు మాట ఎత్తలేదు. అంగడి బోర్డు మీద నా పేరు రాయించుకోమన్నాడు. నిన్న పెయింటర్ రాసిపోయినాడు. రోడ్డు అవతలికి పోయి నాలుగుసార్లు చూసుకున్నా.

పొట్ల విత్తనం కొన్నోళ్ళకు ఒక రాయి ఊరికే ఇస్తాండా. మీ ఆరు రాళ్ళూ ఒక్కరోజులో పోయినాయి. ఇంగా పంపండి. ఇస్మాయిల్ తిట్టుకుంటే తిట్టుకోనీ.

నాసిర్ మీకని ఖర్జూరం పంపినాడు. దీంతోనే పెడతాండా.

మీ సాజియా

తా.క. తిని గింజలు పారేయండి మామా. నాటొద్దు. ఇంట్లో మనిషి నడిచే దారన్నా మిగలాలని అత్త చెప్పింది.


జమ్మలమడుగు, నవంబరు 9

సాజియాకు వందనాలు.

నాటినా.

తొలి కాయ చర్చికి. రెండోది నీకు. బస్సులో వేయను, నేనే తెస్తా. ఈసారి లోపలికి వస్తా.

పాలయ్య

తా.క. కాసేదానికి ఆరేడేండ్లు పడుతుందంట. అంతవరకు అంగడి తెరిచే ఉండాల.