రేడియేటర్ బాగుచేయించాను

ఆళ్ళగడ్డ,
12 జూన్ 1957.

బుడేన్‌కు,

నువ్వు బనగానపల్లెలో మీ అక్క ఇంట్లో ఉన్నావని తెలిసి రాస్తున్నాను. నువ్వు తోలిన నా బాడుగ కారు రేడియేటర్‌ను నంద్యాలలో బాగుచేయించాను. నలభై రూపాయలైంది. మార్చి నెలలో నువ్వు చెప్పింది కూడా అంతే. ఆరోజు నేను, "అంత దుడ్లు యాడ తెచ్చేది? నీళ్ళు పోసుకుంటా తోలుపో" అన్నాను.

పోయిన నెలలో దొర్నిపాడు ఓబుళేసు భార్యకు కాన్పు కష్టమై నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే, శిరివెళ్ళ దాటాక రేడియేటర్‌లో నీళ్ళన్నీ కారిపోయి ఇంజను కాగి ఆగిపోయింది. నువ్వు బిందె పట్టుకుని మైలు దూరం పరుగెత్తి నీళ్ళు తెచ్చేసరికి ఆమె కడుపులో బిడ్డతోనే పోయింది. మూడోనాడు బస్టాండులో కారు ఎందుకు ఆగిందని ఓబుళేసు అందరి ముందర అడిగితే, డ్రైవరు నీళ్ళు చూసుకోలేదని చెప్పాను. నువ్వు పక్కనే ఉండి విన్నావు. తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయావు.

అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. నిన్న దొర్నిపాడు పోయి ఓబుళేసుకు నిజం చెప్పాను. అతను ఎద్దులకు మేత వేస్తూనే విన్నాడు. తిట్టలేదు.

"బుడేన్ ఉరికేది నేను సూసినా. ఆయప్ప తప్పేం లేదని నాకు ఆపొద్దే తెలుసు. ఈ మాట చెప్పేకి నీకు ఇన్ని దినాలు పట్టిందా అన్నా?" అన్నాడు.



నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కు తీసుకోవాలి. ఈ ఆదివారం పొద్దున బస్టాండులో చెబుతాను. నువ్వు వస్తే నీ ముందర చెబుతాను. రాకపోయినా చెబుతాను.